పెద్దవాళ్లకు టీకా వేయించాక వినకూడని ఎనిమిది సలహాలు

మా అత్తయ్యకు 74 ఏళ్లు. సర్పి రాకుండా టీకా వేయించాం. మర్నాడు పొద్దున్నే జబ్బ నొప్పి, ఒళ్లు నొప్పులు అంది. థర్మామీటర్ పెట్టి చూస్తే జ్వరం లేదు. షుగర్ మాత్ర ఎప్పటిలాగే వేసుకుంది. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది. దీపాలు పెట్టే వేళకు నన్ను పిలిచి, "అమ్మాయ్, రేపు వరలక్ష్మీ వ్రతం కదా, శనగలు నానబోశావా?" అని అడిగింది. అది కార్తీక మాసం. నిద్రమత్తులో ఉందిలే అనుకుని దుప్పటి కప్పి వచ్చేశాను. ఆ రాత్రి రెండు గంటలప్పుడు బాత్‌రూముకు వెళ్తూ పడిపోయింది. మా ఆయన మిషన్‌తో షుగర్ చూస్తే 52 ఉంది. కుడి మణికట్టు ఎముక విరిగింది.

తెల్లవారి ఆస్పత్రిలో డాక్టరుగారు అన్నీ విని ఒక్కటే అడిగారు. "సాయంత్రం ఆవిడ నిన్నటి మనిషిలాగే ఉన్నారా?" లేదు. ఆ సంగతి మా కళ్లముందే ఉంది, మేం చూడలేదు. టీకా వల్ల వచ్చిన ఒళ్లు నొప్పులకు ఆకలి పోయింది. తిండి లేని ఒంట్లో షుగర్ మాత్ర తన పని తాను చేసుకుపోయింది. తికమక అందుకే వచ్చింది, ఆ తర్వాత పడిపోవడం.

టీకాకు ముందూ వెనకా మాకు సలహాలిచ్చినవాళ్లు చాలామంది. అందరూ మా మంచి కోరినవాళ్లే. అయినా వాటిలో ఎక్కువ భాగం తప్పు. ఇంటింటా ఇవే మాటలు తిరుగుతుంటాయి కనుక ఎనిమిదింటిని ఇక్కడ రాస్తున్నాను. ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో కూడా చెబుతాను. టీకా వేయించినందుకు మాకు విచారం లేదు. సర్పి పొక్కులు మానిపోయాక కూడా నెలల తరబడి మంట నొప్పితో మా మామయ్య చొక్కా వేసుకోలేకపోవడం చూసినవాళ్లం. మా తప్పు టీకా తర్వాత చూసుకోవడంలో జరిగింది.

1. "సూది పడిందిగా, ఇంకా అక్కడెందుకు? ఎండెక్కకముందే వచ్చేయండి"

కోవిడ్ టీకాలప్పుడు అందరినీ అరగంట కూర్చోబెట్టింది తీవ్రమైన అలర్జీ వస్తుందేమో చూడటానికే. అనాఫిలాక్సిస్ అనే ఈ అలర్జీ చాలా అరుదు. అన్ని రకాల టీకాలూ కలిపి లెక్క చూస్తే పది లక్షల డోసులకు ఒకటి కాస్త పైచిలుకు. కానీ వస్తే ఎక్కువగా నిమిషాల్లోనే వస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలూ నాలుకా వాచడం, గొంతు పట్టేసినట్టుండటం, ఆయాసం, కళ్లు తిరిగి కూలబడటం దాని గుర్తులు. మందు అడ్రినలిన్. తొడ కండరంలోకి వెంటనే ఎక్కించాలి. అది టీకా వేసిన నర్సు దగ్గర ఉంటుంది, మన ఆటోలో ఉండదు.

అందుకే ఏ టీకాకైనా కనీసం పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. ఇదివరకు మందులకో టీకాకో అలర్జీ వచ్చి ఉంటే అరగంట ఉండాలి, ఆ సంగతి సూదికి ముందే చెప్పాలి. పెద్దవాళ్లు వాడే మాత్రల చీటీ కూడా చూపించండి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ రకం మాత్రలు వేసుకునేవాళ్లలో అడ్రినలిన్ అంత బాగా పని చేయకపోవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు సన్నని సూది వాడి, తర్వాత రెండు నిమిషాలు రుద్దకుండా అదిమి పట్టుకోవాలి.

2. "ముందే ఒక జ్వరం మాత్ర వేసేస్తే బాధే ఉండదు"

పక్కింటి పిన్నిగారు ప్రేమగా చెప్పిన మాట ఇది. నొప్పీ జ్వరమూ రాకముందే మాత్ర వేయడం అవసరం లేదు, డాక్టర్లు సిఫారసు చేయరు. తర్వాత నొప్పి వచ్చి ఇబ్బంది పడుతుంటే పారాసిటమాల్ వేయవచ్చు. సన్నగా ఉన్నవాళ్లకు, కాలేయం జబ్బున్నవాళ్లకు ఎంత మోతాదో, ఎన్ని గంటలకో ముందే డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. రెండూ కలిపి వేస్తే మోతాదు మించుతుంది.

అసలు ప్రమాదం మందుల షాపులో "ఒళ్లు నొప్పులకేదైనా ఇవ్వండి" అని అడిగితే చేతిలో పెట్టే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మాత్రలతో. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్న పెద్దవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇవి చేటు చేస్తాయి. డాక్టరు చెప్పకుండా వేయకండి.

3. "ఆ రోజు బీపీ, షుగర్ మాత్రలు ఆపేయండి"

ఇంకొకరు దీనికి సరిగ్గా ఎదురు చెప్పారు. "ఏమైనా సరే, మాత్రలు మాత్రం తప్పొద్దు." మేం విన్నది రెండో మాట. ఏం జరిగిందో పైన రాశాను.

టీకా వేయించుకుంటున్నామని మాత్రలు ముందుగా ఆపకూడదు. బీపీ మాత్రలు, గుండె మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి. కానీ టీకా తర్వాత మనిషి సరిగా తినకపోతే లెక్క మారుతుంది. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తిండి ఉన్నా లేకపోయినా షుగర్‌ను తగ్గిస్తాయి. ఒక పూట భోజనం సగం తగ్గిందంటే తర్వాతి మోతాదుకు ముందు షుగర్ చూసి డాక్టరుకు ఫోన్ చేయండి. వాంతులో విరేచనాలో పట్టుకున్నప్పుడు నీరు తీసే మాత్రల గురించి కూడా అలాగే అడగాలి.

షుగర్ 70 కంటే తగ్గితే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేయండి. కొందరిలో షుగర్ పెరుగుతుంది కూడా. రెండు మూడు రోజులు మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకుంటే చాలు.

4. "జ్వరం రాలేదుగా, ఇంకేం భయం లేదు"

మా ఇంట్లో అందరినీ నిద్రపుచ్చిన మాట ఇదే. వయసుతోపాటు ఒంట్లో రోగనిరోధక శక్తి నెమ్మదిస్తుంది. అందుకే టీకా తర్వాత జ్వరమూ ఒళ్లు నొప్పులూ పడుచువాళ్లకే ఎక్కువ. ఫైజర్ కోవిడ్ టీకా పరీక్షల్లో రెండో డోసు తర్వాత 55 ఏళ్లలోపువారిలో 16 శాతానికి జ్వరం వస్తే, పైబడినవారిలో 11 శాతానికే వచ్చింది.

ఇంకో సంగతి. చాలామంది పెద్దవాళ్ల ఒంటి వేడి మామూలుగానే తక్కువ. 97 డిగ్రీల మనిషికి 99 వచ్చిందంటే రెండు డిగ్రీలు పెరిగినట్టు. థర్మామీటర్ 100 చూపలేదని మనం ఊరుకుంటాం. వృద్ధాశ్రమాల్లో ఉండేవారి కోసం అమెరికా అంటువ్యాధుల నిపుణులు పెట్టిన కొలత చూడండి. నోట్లో ఒక్కసారి 100 డిగ్రీలు దాటినా, మళ్లీ మళ్లీ 99 దాటుతున్నా, మనిషి మామూలు వేడి కంటే 2 డిగ్రీలు పెరిగినా జ్వరంగానే లెక్క. ఇంట్లోనూ అదే పాటించవచ్చు. అయితే మామూలు వేడి ఎంతో ముందే తెలిసుండాలి. టీకాకు ముందు మూడు రోజులు ఒకే వేళకు వేడి, బీపీ, షుగర్ చూసి రాసిపెట్టుకోండి. బాగున్నప్పటి లెక్క చేతిలో ఉంటేనే బాగాలేనప్పుడు తేడా తెలుస్తుంది.

5. "వయసైపోయింది, అలాగే ఉంటారు"

పెద్దవాళ్లలో ఒంటి ఇబ్బంది చాలాసార్లు వేరే రూపంలో బయటపడుతుంది. కొత్తగా తికమక పడతారు. పగలంతా మగతగా పడుకుంటారు. కంచం ముందు కూర్చుని తినరు. మంచం దిగుతూ తూలుతారు. మూత్రం తగ్గుతుంది. ఉన్నట్టుండి విసుక్కుంటారు, లేదా ఏ మాటకూ బదులివ్వరు. వీటిని వయసు ఖాతాలో వేస్తే సమయం పోతుంది. వయసు ఒక్క రాత్రిలో పైబడదు. నిన్న లేని తికమక ఇవాళ వచ్చిందంటే కారణం ఏదో ఉంది. షుగర్ పడిపోవచ్చు, ఒంట్లో నీరు తగ్గవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు, పక్షవాతమూ కావచ్చు. డాక్టరుకు చూపించాల్సిందే.

దూరాన ఉన్న పిల్లలకు ఇక్కడ ఒక మాట. అమెరికా నుంచో దుబాయ్ నుంచో వీడియో కాల్‌లో "నాన్నా, బాగున్నావా?" అని అడిగితే ఏ తండ్రైనా "బాగానే ఉన్నాన్రా, నువ్వు తిన్నావా?" అంటాడు. ఆ జవాబు మీకు ఏమీ చెప్పదు. పొద్దున ఏం తిన్నారు, ఎంత తిన్నారు అని అడగండి. ఇవాళ ఏ వారం, నిన్న ఇంటికెవరొచ్చారు అని మాటల్లో పెట్టి అడగండి. లేచి వంటింటిదాకా నడిచి మంచినీళ్లు తెచ్చుకోమని, నడక చూడండి. సూది వేసిన చెయ్యి పైకెత్తమనండి. ఇవన్నీ రెండు నిమిషాల పని.

మొదటి మూడు రాత్రులు ఎవరో ఒకరు అదే గదిలో పడుకోండి. బాత్‌రూము దీపం ఆర్పకండి. తలగడ పక్కన మంచినీళ్లు, చేతికందేలా ఫోన్ పెట్టండి. లేవాలంటే ముందు కాసేపు మంచం అంచున కూర్చోమని చెప్పండి. మేం ఈ పని చేసుంటే అత్తయ్య చెయ్యి విరిగేది కాదు.

6. "అంతా సూది ప్రభావమే, రెండు రోజుల్లో అదే తగ్గిపోతుంది"

ఎనిమిదింటిలో ప్రాణం తీయగలది ఇదే. సూది పడ్డచోట నొప్పి, ఎరుపు, నీరసం, తలనొప్పి, కాస్త చలి లాంటివి సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. కానీ ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, మాట తడబడటం టీకా తర్వాతి రోజు వచ్చినా గుండెపోటో పక్షవాతమో అన్నట్టే పరుగెత్తాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. "సూది వల్లేమో, రేపు చూద్దాం" అనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. టీకా వల్ల వచ్చిందా రాలేదా అన్న చర్చ ఆస్పత్రికి చేరాక చేసుకోవచ్చు.

నెమ్మదిగా వచ్చేవీ కొన్ని ఉన్నాయి. పాదాల్లో తిమ్మిరీ నీరసమూ మొదలై పైకి పాకడం గిలన్ బారీ సిండ్రోమ్ గుర్తు కావచ్చు. అందుకని తొలి మూడు రోజుల జాగ్రత్త తర్వాత, ఆరు వారాల దాకా కాళ్ల పట్టు మీద ఒక కన్నేసి ఉంచాలి. భుజం కదపలేనంత నొప్పి వారం దాటినా తగ్గకపోతే సూది సరైన చోట పడలేదేమో చూపించాలి. కండ తరిగిన సన్నని జబ్బల్లో సూది కీలు దాకా వెళ్లే అవకాశం ఉంటుంది.

7. "టీకా తర్వాత పోయారంటే టీకాయే కారణం". "ఎవరికీ చెప్పకండి, జనం భయపడతారు"

ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. కానీ రెండూ విచారణను ఎగ్గొట్టేవే కనుక ఒకేచోట చెబుతున్నాను.

1976 అక్టోబరులో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకాలు మొదలైన కొద్ది రోజులకే పిట్స్‌బర్గ్‌లో ఒకే కేంద్రంలో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు చనిపోయారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి, కొన్ని రాష్ట్రాలు టీకాలు ఆపేశాయి. విచారిస్తే వాళ్లు అంతకుముందే గుండె జబ్బులున్నవాళ్లు, టీకాతో సంబంధం కనిపించలేదు. పెద్ద వయసువాళ్లకు లక్షల్లో టీకా వేసినప్పుడు వారిలో కొందరు మామూలుగా పోయే రోజు టీకా మర్నాడే కావచ్చు. అయితే అదే సంవత్సరం అదే టీకాకు నిజమైన దోషం కూడా బయటపడింది. లక్ష మందిలో ఒకరికి అదనంగా గిలన్ బారీ వచ్చినట్టు తేలి, డిసెంబరులో కార్యక్రమాన్నే నిలిపేశారు. ఊరికే భయపెట్టిన సంగతినీ, నిజంగా ప్రమాదమైన సంగతినీ విడదీసింది అందిన ఫిర్యాదులూ వాటి మీద జరిగిన విచారణే.

2021 మొదట్లో నార్వే వృద్ధాశ్రమాల్లో ఫైజర్ టీకా తర్వాత మరణాలు నమోదయ్యాయి. నిపుణులు మొదటి 100 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. 59 మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదని, 26కు ఉండవచ్చని, 10కి బహుశా ఉందని తేల్చారు. మిగిలిన 5 తేల్చలేకపోయారు. అంటే అన్నీ టీకా వల్లేనన్నదీ, ఏదీ టీకా వల్ల కాదన్నదీ రెండూ సరికాదు. ఇక బాగా చిక్కిపోయి చివరి దశలో ఉన్నవారికి వేసేముందు లాభనష్టాలు తూచుకోవాలన్న సలహా ఆ విచారణ నుంచే మరింత గట్టిపడింది.

మరీ దగ్గరి సంగతి 2025లోది. హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవిలో చికున్‌గున్యా ప్రబలినప్పుడు, ఇతర జబ్బులున్న 65 ఏళ్లు దాటినవారికి ముందుగా టీకా వేశారు. కొందరు పెద్దవాళ్లకు తీవ్రమైన ఇబ్బందులొచ్చిన కబురు అందగానే, ఏప్రిల్‌లోనే ఆ వయసువారికి వేయడం ఆపేశారు. ఆగస్టులో అమెరికా ఆ టీకా లైసెన్సునే నిలిపివేసింది. కీడు చిన్నదైనా లెక్కకు ఇలాగే దొరుకుతుంది. సర్పి టీకా తర్వాత 65 దాటినవారిలో పది లక్షల డోసులకు సుమారు మూడు గిలన్ బారీ కేసులు అదనంగా రావచ్చని 2021లో గుర్తించి, ఆ హెచ్చరికను టీకా వివరపత్రంలో చేర్చారు.

మన దగ్గర చెప్పే దారి ఉంది. ఊళ్లో ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు, పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పండి. అక్కడి నుంచి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరుతుంది. టీకా ప్రైవేటు ఆస్పత్రిలో వేయించినా సరే. మందుల, టీకాల దుష్ఫలితాలు నేరుగా చెప్పడానికి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. డాక్టరే ఫోన్ చేయాలనేం లేదు, రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ చేయవచ్చు. టీకాయే కారణమని మీరు రుజువు చేయనక్కర్లేదు. ఎప్పుడు వేశారు, ఎప్పుడు మొదలైంది, ఏమైందీ చెబితే చాలు. తేల్చే పని వాళ్లది.

అలా చెప్పాలంటే వేసింది ఏ టీకానో తెలిసుండాలి. పేరు, తేదీ, ఏ చెయ్యి, బ్యాచ్ నంబరు కార్డు మీద రాయించుకుని ఫోన్‌లో ఫోటో తీసిపెట్టండి. అన్ని టీకాలూ ఒకలాంటివి కావు. కెన్యాలోనో నైజీరియాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఎల్లో ఫీవర్ టీకా గురించి డాక్టరుతో ముందే మాట్లాడాలి. అది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటినవారు మొదటిసారి వేయించుకుంటే, అరుదుగానైనా, తీవ్రమైన ఇబ్బంది వచ్చే అవకాశం పడుచువాళ్లకంటే ఎక్కువ. ఆరోగ్యం దృష్ట్యా వద్దని డాక్టరు తేలిస్తే మినహాయింపు పత్రం తీసుకునే వీలుంది.

8. "మొదటి డోసుకే ఇంత అయింది, రెండోది జోలికి పోకండి"

మా బావగారు ఫోన్ చేసి గట్టిగా చెప్పిన మాట ఇది. సర్పి టీకా రెండు డోసులు, మధ్య రెండు నుంచి ఆరు నెలల ఎడం. ఒక్క డోసుతో ఆపితే రక్షణ పూర్తిగా రాదు. ఈ టీకా కాస్త గట్టిదే. పరీక్షల్లో వేయించుకున్న ప్రతి ఆరుగురిలో ఒకరు రోజువారీ పనులు చేసుకోలేనంత ఇబ్బంది పడ్డారు. అది రెండు మూడు రోజుల్లో తగ్గిపోయింది. అలాంటి నొప్పీ నీరసమూ రెండో డోసు మానడానికి కారణాలు కావు. మొదటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం రెండోది వేయించకూడదు. గిలన్ బారీ వంటిది వచ్చి ఉంటే నిపుణుడే నిర్ణయించాలి. ఏదైనా మొదటిసారి ఏం జరిగిందో డాక్టరుకు చెప్పి, ఆయన మాట విన్నాకే తేల్చుకోండి. ఫోన్‌లో విన్న మాటతో కాదు.

అత్తయ్య రెండో డోసు నాలుగో నెలలో వేయించుకుంది. ఈసారి వంటింటి క్యాలెండర్ మీద మూడు రోజుల ముందు నుంచీ గళ్లు గీసి వేడి, బీపీ, షుగర్, తిన్నది, నిద్ర రాశాం. తినకపోతే షుగర్ మాత్ర ఏం చేయాలో డాక్టరుగారితో ముందే రాయించుకున్నాం. అరగంట అక్కడే కూర్చున్నాం. మర్నాడు మళ్లీ ఒళ్లు నొప్పులూ నీరసమూ వచ్చాయి. రాత్రి నేను ఆవిడ మంచం పక్కనే చాప వేసుకున్నాను. మూడో రోజు పొద్దున తనే లేచి, క్యాలెండర్ చూసి, ఆ రోజు ఏకాదశి అని మాకే గుర్తుచేసింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు టీకా తప్పకుండా వేయించండి. దానితోపాటు మూడు రాత్రులు తోడుండండి, ఆరు వారాలు గమనించండి. రోజూ పొద్దునా సాయంత్రం మిమ్మల్ని మీరు అడగండి, వీరు నిన్నటి మనిషేనా అని. కాదనిపిస్తే ఎవరి సలహా కోసమూ ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.